మొదటి లైను

సంతకం పెట్టాల్సిన కాగితం సోమవారం పొద్దున్నే ఆమె కీబోర్డు మీద ఉంది. ఎగిరిపోకుండా ఆమె మంచినీళ్ల గ్లాసే దాని మీద పెట్టారు. ఒక్క పేరా. టీకామందులు దాచే శీతల గిడ్డంగిలో తమ కంపెనీ అమర్చిన రికార్డరులో ఏ లోపమూ లేదని, పదకొండు రోజులుగా అందులో ఏమీ నమోదు కాకపోవడానికి కారణం ఎవరో రికార్డు స్విచ్చిని చేత్తో ఆపెయ్యడమేనని, ఆ ప్రోగ్రాము రాసిన వ్యక్తిగా తాను దీన్ని ధ్రువీకరిస్తున్నానని. కింద చుక్కల గీత.

ఆమె గ్లాసు తీసి, కాగితానికి అంటిన తడిని రుమాలుతో అద్దింది. అద్దాల గదిలోంచి పెద్దసారు చెయ్యి ఊపి రమ్మన్నాడు. కంపెనీలో పాతిక మంది ఉంటారు. అందరికీ ఆయన పెద్దసారే. గొంతు పెంచే మనిషి కాడు. కుర్చీ చూపించి, సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాడు. గిడ్డంగిలో ఏడో గది వేడెక్కి గదినిండా టీకామందు పాడైంది. అక్కడి అటెండెంటు గంటకోసారి గదులన్నీ తిరిగి, ఒక్కొక్క తలుపు దగ్గరా బటన్ నొక్కాలి. తిరిగానంటున్నాడు. ఏడో గది సంగతి మధ్యాహ్నం పన్నెండుకే మెకానిక్కుకి చెప్పానంటున్నాడు. మెకానిక్కు మూడింటికి చెప్పాడంటున్నాడు. రికార్డు తీస్తే ఆ రోజే కాదు, అంతకు ముందు పదిరోజులూ ఖాళీ. తిరగని సంగతి బయటపడకుండా స్విచ్ ఆపేశాడని గిడ్డంగివాళ్ల అనుమానం. అతన్ని సస్పెండ్ చేశారు. గురువారం విచారణ, ఆ లోపల ఈ కాగితం వాళ్లకి అందాలి.

గిడ్డంగి పంపిన రికార్డు ఫైలు ఒకసారి చూసి సంతకం పెడతానంది ఆమె.

"చూడండమ్మా. ఎన్నిసార్లు చూసినా అదే ఉంటుంది," అన్నాడు పెద్దసారు.

ఆమె తన సీట్లోకి వచ్చి ఫైలు తెరిచింది. పన్నెండు గదులు; పది సెకన్లకోసారి గదికొక వరస. వేళ, గది నంబరు, చలి ఎంత. మధ్యమధ్య బటన్ నొక్కిన వరసలు. సంవత్సరం మొదటి రోజున మొదలైన ఆ ఫైలు చివరికి దిగడానికే కొంతసేపు పట్టింది. చివరి వరస సగంలో తెగిపోయి ఉంది. వేళ ఉంది, గది నంబరు ఉంది, చలి దగ్గర నాలుగు, పక్కన చుక్క. చుక్క తర్వాత ఏమీ లేదు.

పక్క సీటతను కుర్చీతో సహా జరిగి వచ్చాడు. ముప్పై దాటీ దాటకముందే జుట్టు ఊడిన మనిషి. ఆఫీసులో సగం మందికి పేర్లు పెట్టింది అతనే. కరెంటు పీకినా అలాగే తెగుతుంది కదక్కా అన్నాడు. ఆమె ఫైలు ఎంత పొడవుందో కంప్యూటర్ని అడిగింది. తెర మీద పది అంకెలు వచ్చాయి. రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్భై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరువందల నలభై ఏడు.

ఈ పనిలో నాలుగేళ్లున్న ఎవరికైనా ఆ అంకె సొంత ఇంటి నంబరు లాంటిది. పాత పద్ధతిలో తెరిచిన ఫైలు అంతవరకే పెరుగుతుంది. ఆ పైన ఒక్క అక్షరం పట్టదు.

"స్విచ్ ఆపినవాడు సరిగ్గా ఆ అక్షరం దగ్గరే ఆపాడంటావా?" అంది ఆమె.

అతని మొహంలో నవ్వు పోయింది. కుర్చీని మెల్లగా తన బల్ల వైపు వెనక్కి జరుపుకున్నాడు.

ఆమె ప్రోగ్రాము తెరిచింది. చూడబోయేది ఏమిటో తెలిసినా తెరిచింది.

సి భాషలో రాసేవాళ్లు అన్నీ సొంతంగా రాసుకోరు. ఫైలు తెరవడం, రాయడం, వేళ చూడడం లాంటి పనులకి ఒక లైబ్రరీ ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకరి తర్వాత ఒకరు పెట్టిన ప్రమాణాలన్నీ అందులో దొంతర్లుగా ఉంటాయి. పాతవాళ్లకి పాతవి, కొత్తవాళ్లకి కొత్తవి. నాకు ఫలానా పద్ధతి కావాలి అని చెప్పుకోవడానికి ఒక చిన్న మాక్రో లైను రాయాలి. ఆ లైను మిగతా అన్నిటికన్నా ముందు ఉండాలి. దానికి ముందు లైబ్రరీని పిలిచే హెడర్ అనే లైను ఒక్కటి వచ్చినా, లైబ్రరీ తలుపు తెరిచి పాత పద్ధతి చేతిలో పెట్టి పంపేసి ఉంటుంది. ఆ తర్వాత ఎంత అడిగినా విననట్టు ఊరుకుంటుంది. తప్పని కూడా చెప్పదు.

పెద్ద ఫైళ్లు కావాలని చెప్పే లైను ఆమె ఫైల్లో ఉంది. రెండో లైనుగా ఉంది. మొదటి లైను కంపెనీ సొంత హెడర్.

పోయినేడాది పెద్దసారు ఒక నియమం పెట్టాడు. ప్రతి ఫైలూ కంపెనీ హెడర్‌తోనే మొదలవ్వాలి. అందరి రాతా ఒక్కలా కనబడాలి. దానికి ఒక తనిఖీ ప్రోగ్రాము కూడా తయారుచేయించాడు. మొదటి లైను వేరే ఏదైనా అయితే అది ఫైలుని తీసుకోదు. ఆ రోజుల్లో ఆమె మూడు మీటింగుల్లో అడ్డు చెప్పింది. రెండో మీటింగు అయ్యాకే పక్క సీటతను ఆమెకి "ఫస్ట్‌లైన్ అక్క" అని పేరు పెట్టాడు. మూడో దాంట్లో ఆమె మొదలుపెట్టకముందే ఎవరో ఆ మాట అంటే అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఆ సాయంత్రమే తన లైనుని కిందికి దించింది. తనిఖీ ప్రోగ్రాము పచ్చ గుర్తు చూపించింది. కోడుని మిషను భాషలోకి మార్చే కంపైలరు కిక్కురుమనలేదు. మిగతా ఊళ్లలో గిడ్డంగులకి ఆరేసి గదులే కాబట్టి ఏడాది తిరిగి కొత్త ఫైలు మొదలయ్యేదాకా ఎక్కడా నిండలేదు. ఈ కొత్తదానికి పన్నెండు గదులు. పదకొండున్నర నెలలకి నిండింది.

ఆ లైను పక్కన, దించింది ఎవరో తెలిపే చోట, ఆమె పేరే ఉంది.

మంగళవారం ఆమె రికార్డరు లోపలి సర్క్యూట్ కార్డు తీసుకురావాలని చెప్పి గిడ్డంగికి వెళ్లింది. గేటు పక్కన రేకుల వసారా, అందులో బల్ల. సస్పెండైన మనిషి రోజూ పదింటికి వచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టి, అయిదింటికి మళ్లీ పెట్టాలని అక్కడి పద్ధతి. మధ్యలో లోపలికి వెళ్లకూడదు, ఇంటికీ వెళ్లకూడదు. అటెండెంటు ఆ బల్ల చివర కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. లోపల తొడుక్కునే మందపాటి చేతితొడుగులు మడిచి పక్కన పెట్టుకున్నాడు. పని లేకపోయినా రోజూ తెచ్చుకుంటున్నాడట.

మిషను కంపెనీ నుంచి వచ్చానని చెప్పింది. అతను లేచి నిలబడి మళ్లీ కూర్చున్నాడు.

"మిషను అబద్ధం చెప్పదంటున్నారమ్మా మావాళ్లు."

"అబద్ధం చెప్పదు. చెప్పింది రాసుకోలేదు."

అతనికి అది అర్థమైనట్టు లేదు. బటన్ ఎలా నొక్కేవాడో అడిగింది. చేతితొడుగు వేళ్లతో నొక్కితే ఒక్కోసారి దిగదని మోచేత్తో నొక్కేవాడినని లేచి గోడ మీద చూపించాడు. నొక్కగానే పచ్చదీపం వెలుగుతుంది. వెలగకపోతే మళ్లీ నొక్కేవాడు. పన్నెండు గదులు, రోజుకి ఎనిమిది చుట్లు. దీపం వెలిగేదా, ఆ పదకొండు రోజులూ, అని అడిగింది. ప్రతిసారీ వెలిగిందన్నాడు. ఆమె తల వంచుకుంది. ఆ దీపం రాసినందుకు కాదు, నొక్కినందుకు వెలుగుతుంది. దాన్ని అలా వెలిగించేది కూడా ఆమె ప్రోగ్రామే.

రికార్డు ఆగిపోయిందని పదకొండు రోజులూ ఎవరూ చూడలేదా అంది.

"ఏదైనా పోయినప్పుడే కదమ్మా తీసి చూస్తారు."

అతను చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీసి ఇచ్చాడు. పై ఆఫీసరు ఇచ్చాడట. పని ఒత్తిడిలో స్విచ్ పొరపాటున తగిలి ఆగిపోయి ఉండవచ్చునని ఒప్పుకుంటే, హెచ్చరికతో సరిపెట్టి మళ్లీ పనిలోకి తీసుకుంటారు. ఇక్కడ కూడా కింద చుక్కల గీత ఉంది. మడతల దగ్గర కాగితం చిరుగు పట్టింది.

"పెట్టెయ్యమని ఇంట్లో అంటున్నారు. మా చెల్లెలైతే నీదేం పోయిందిరా అన్నయ్యా, పొరపాటనే కదా రాసిందీ అంది." అతను కాగితం వెనక్కి తీసుకుని అవే మడతల మీద మడిచాడు. "పొరపాటు చేస్తే చేశానంటాను. చెయ్యనిది ఎలా ఒప్పుకుంటానమ్మా. ఆ స్విచ్ ఏ గోడకుందో కూడా నాకు తెలీదు."

నిజమే. ఆ స్విచ్ తాళం వేసిన పెట్టెలో ఉంటుంది. తాళం మెకానిక్కు దగ్గర.

ఆమె లోపలికి వెళ్లి కార్డు విప్పించి సంచిలో పెట్టుకుని బయటికి వస్తుంటే అతను వెనకాలే గేటు దాకా వచ్చి, గేటు గీత దగ్గర ఆగిపోయాడు. దాటకూడదు. ఏడో గది తలుపు రబ్బరు ఒక మూల వదులైందని, ఎవరికైనా చెప్పమని అన్నాడు. తనిప్పుడు చెబితే ఎవరూ వినరట.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అంతా చెప్పింది. భర్త డ్రైవింగు నేర్పుతాడు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇంకొకరి పక్క సీట్లో కూర్చునే ఉద్యోగం. విని, కంచంలో వేళ్లు ఆపి, "గేరు మార్చేశాక క్లచ్ తొక్కినట్టన్నమాట," అన్నాడు.

"గేరైతే గరగరమంటుంది. ఇది ఏమీ అనదు."

సంతకం పెట్టొద్దని అతను కూడా అన్నాడు. అంతవరకు చాలదా అన్నాడు. పెట్టనని చెప్పి ఊరుకుంటే ఎవరో ఒకరు పెట్టుకుంటారు, నీ చెయ్యి శుభ్రంగా ఉంటుంది. లైను దించింది నేనేనని ఊరేగింపుగా వెళ్లి చెప్పడం ఎందుకు? పంతొమ్మిదేళ్ల ఉద్యోగం.

"నేనే కాబట్టి," అంది ఆమె.

అతను లేచాడు. తన కంచంతో పాటు ఆమెది కూడా తీసుకెళ్లి కడిగాడు.

అత్తగారు పొద్దున్న లేవగానే ఎవరితోనూ మాట్లాడదు. మొహం కడుక్కుని, దేవుడి పటం ముందు నిలబడి, పెదాలు కదిపి, అప్పుడు ఇంట్లోవాళ్లని పలకరిస్తుంది. బుధవారం కోడలు తలుపు దగ్గర నిలబడి అదంతా అయ్యేదాకా ఆగింది.

"ముందు దణ్ణం పెట్టుకోకపోతే దేవుడు వినడా అత్తయ్యా?"

"ఆయనకేం, ఎప్పుడు చెప్పినా వింటాడు. ముందు పెట్టుకునేది నాకోసమే. పనుల్లో పడితే నేను మర్చిపోతాను. ఏం?"

"మా లైబ్రరీ వినదు."

"అయితే అది దేవుడు కాదమ్మా, గుమాస్తా."

ఆమె నవ్వింది. బస్సులో నిలబడి వెళ్తూ మళ్లీ ఆ మాటే తలుచుకుంది. ఎప్పుడు చెప్పినా వింటాడన్నది ఆమెకి కూడా చిన్నప్పటి నుంచి నమ్మకమే. మరి పదకొండు రోజులు ఒక మనిషి మోచేత్తో నొక్కిన వెయ్యి పై చిలుకు బటన్లు ఆయన వినే ఉంటే, వాటిని గిడ్డంగివాళ్లకి చెప్పాల్సింది ఎవరు? ఆ ప్రశ్నకి పటం జవాబు చెప్పదు. చెప్పాల్సిన పని దానికి లేదేమో కూడా.

ఆఫీసులో గిడ్డంగి కార్డుని బల్ల మీద పెట్టి, వైర్లు తగిలించి, ఉత్త సున్నాలతో ఒక ఫైలు నింపింది. ఆ హద్దుకి ఇంకా మూడు వందల అక్షరాలు ఉండగా ఆపి, ప్రోగ్రాము మొదలుపెట్టింది. అయిదు వరసలు పడ్డాయి. ఆరోది సగంలో తెగింది. పచ్చదీపం మాత్రం నొక్కినప్పుడల్లా వెలుగుతూనే ఉంది. తర్వాత ఫైల్లో రెండో లైనుని కత్తిరించి మొదటి లైనుగా అతికించింది. మళ్లీ కంపైల్ చేసి, అదే పరీక్ష. ఆరో వరస పూర్తిగా పడింది, ఏడోది పడింది, వందోది పడింది. ఒక లైను ఒక మెట్టు పైకి. అంతే తేడా.

ఇంకొక సంగతి కూడా కనబడింది. వరస రాశాక నిజంగా రాయబడిందా అని ప్రోగ్రాము ఎక్కడా తిరిగి చూసుకోవడం లేదు. చూసుకుని ఉంటే మొదటి రోజే మోత మోగేది. ఆ తప్పు ఏ నియమమూ చేయించలేదు. ఆమె దాన్ని కూడా కాగితం మీద రాసుకుంది.

సరిదిద్దిన ఫైలుని తనిఖీ ప్రోగ్రాముకి ఇచ్చింది. ఎర్ర గుర్తు. మొదటి లైను కంపెనీ హెడర్ కాదు. మళ్లీ ఇచ్చింది. ఎర్ర గుర్తు. పక్క సీటతను చూస్తున్నాడని తెలిసే మూడోసారి ఇచ్చింది.

పెద్దసారు ఆ పరీక్షంతా చూశాడు. చూడనని అనలేదు. చూశాక తలుపు వేసి మెత్తగా మాట్లాడాడు. లైను ఫైల్లో ఉంది కదా, లేదని ఎవరనగలరు? రాబోయే వెర్షన్లో సద్దుదాం, ఏ గిడ్డంగికీ తెలియకుండా సద్దుదాం. కంపెనీ పేరు పోతే పాతిక కుటుంబాలు. అటెండెంటుకి ఎలాగూ పొరపాటని రాసిస్తే ఉద్యోగం ఇస్తామన్నారట, అతనికి పోయేదేమీ లేదు.

"అతను రాసివ్వనన్నాడు సార్."

"రాసిస్తాడు. ఇంకో వారం ఆ బల్ల మీద కూర్చుంటే రాసిస్తాడు." ఆయన కాస్త ఆగాడు. "లైను కిందికి దించింది మీరు. అది గుర్తుంచుకోండమ్మా. విచారణలో నియమం పేరు ఎవరూ అడగరు. లైను పక్కన పేరు ఎవరిదని అడుగుతారు."

"నాదని చెప్తాను."

"మీరు రేపు రానక్కర్లేదు. నేను చూసుకుంటాను."

"ప్రోగ్రాము రాసినవాళ్లని రమ్మన్నారు సార్. అది మీరు రాయలేదు."

ఆమె సంతకం లేని కాగితాన్ని ఆయన కీబోర్డు మీద పెట్టి, ఎగిరిపోకుండా ఆయన గ్లాసే దాని మీద పెట్టి వచ్చేసింది.

విచారణ గది గిడ్డంగి మేడ మీద ఉంది. పొడుగు బల్ల, ఆరు కుర్చీలు, కిటికీ అవతల కంప్రెసర్ల హోరు. విచారణ చేసేది బయటినుంచి వచ్చిన ఒక పెద్దావిడ. కళ్లజోడు తాడుకి వేలాడుతోంది. చదివేటప్పుడు పెట్టుకుంటుంది, మనిషి వైపు చూసేటప్పుడు తీసేస్తుంది. అటెండెంటు ఇస్త్రీ చొక్కాతో గోడవార నిలబడ్డాడు. కూర్చోమని ఆవిడ రెండుసార్లు చెప్పాక కూర్చున్నాడు.

పెద్దసారు ప్రోగ్రాము మొదటి పేజీ అచ్చుతీసి తెచ్చాడు. పెద్ద ఫైళ్ల కోసం రాయాల్సిన లైను ఇదిగో, ఉంది, అని వేలితో చూపించాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసింది.

"ఉంది కదమ్మా," అంది ఇటు తిరిగి.

"ఉందండి. ఉండాల్సిన చోట లేదు."

చూపిస్తానంది. సంచిలోంచి రెండు కార్డులు, ఒక చిన్న తెర, గోడకుండే లాంటి బటన్ ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. రెంటిలోనూ ప్రోగ్రాము ఒకటేనని, ఒకదాంట్లో ఆ లైను రెండోది, ఇంకోదాంట్లో మొదటిదని చెప్పింది. ఫైళ్లు హద్దుకి అయిదారు వరసలు తక్కువగా నిండి ఉన్నాయంది. బటన్‌ని అటెండెంటు ముందుకి జరిపింది.

"రోజూ నొక్కినట్టే నొక్కండన్నా."

అతను అటూ ఇటూ చూసి, లేచి, వంగి, మోచేత్తో నొక్కాడు. పచ్చదీపం వెలిగింది. తెర మీద ఒక వరస వచ్చింది. మళ్లీ నొక్కాడు. మూడు, నాలుగు, అయిదు. ఆరోది సగంలో ఆగింది. ఏడోసారి నొక్కితే దీపం వెలిగింది, తెర కదల్లేదు. అతను ఆగలేదు. ఎనిమిది, తొమ్మిది, పది, మోచేతి మీద బరువు వేసి నొక్కుతూనే ఉన్నాడు. ప్రతిసారీ దీపం వెలుగుతోంది. చాలు అని ఆవిడే చెయ్యెత్తి, తను కూడా వేలితో ఒకసారి నొక్కి చూసింది. దీపం ఆవిడకీ వెలిగింది. తెర ఆవిడకీ కదల్లేదు.

రెండో కార్డుకి వైరు మార్చాక అన్ని వరసలూ వచ్చాయి.

ఆ లైనుని కిందికి ఎవరు దించారని ఆవిడ అడిగింది.

"నేనేనండి. మా ఆఫీసులో హెడరే ముందుండాలని నియమం. పనిచెయ్యదని మూడుసార్లు చెప్పాను. నవ్వారు. నాలుగోసారి చెప్పలేదు, దించేశాను." ఆమె ఊపిరి తీసుకుంది. "రాసింది నిజంగా పడిందా అని ప్రోగ్రాము చూసుకోదు. ఆ తప్పుకి నియమం లేదు. అది పూర్తిగా నాదే."

పెద్దసారు చేతిలో అచ్చు కాగితాన్ని మడవడం మొదలుపెట్టాడు.

ఆవిడ కళ్లజోడు తీసేసింది. తను కళ్లారా చూసింది చూసిందేనని, అయితే నివేదికలో కళ్లు అంటించలేనని అంది. ఈ లోపం ఉందని కంపెనీ తన రికార్డులో రాసుకోవాలి. ఏం మార్చారో, ఎందుకు మార్చారో, ఎవరు ఒప్పుకున్నారో ఆ పేజీ శనివారం సాయంత్రం అయిదు లోపల ఇక్కడ గిడ్డంగిలో తన బల్ల మీద ఉండాలి. అది వస్తే అటెండెంటు సోమవారం లోపలికి వెళ్తాడు. రాకపోతే ఇది ఒక ఉద్యోగిని మాట, అంతే. అప్పటిదాకా అతను వసారాలోనే.

మెట్లు దిగుతూ అటెండెంటు, ఏడో గది రబ్బరు సంగతి చెప్పారా అమ్మా అని అడిగాడు. చెప్పానంది. మార్చారట.

శుక్రవారం రికార్డరు ప్రోగ్రాముని ఆమె చేతిలోంచి తీసి పక్క సీటతనికి ఇచ్చారు. ఆమెకి పాత మాన్యువళ్లలో పేజీ నంబర్లు సరిచూసే పని ఇచ్చారు. పెద్దసారు ఆమె వైపు చూడకుండా రెండుసార్లు నడిచి వెళ్లాడు. సాయంత్రం దాకా ఏ మార్పూ జరగలేదు. పేజీ నంబర్లు మాత్రం నూట నలభై దాకా సరిగ్గానే ఉన్నాయి.

శనివారం ఆఫీసు సగం ఖాళీ. పదకొండు గంటలకి ఆమె తెర మీద ఒక మార్పు వచ్చి నిలబడింది. కంపెనీ సొంత హెడర్ మీద. ఆ హెడర్ మీద ఎవరు చెయ్యి వేసినా ఇంకో ఇద్దరు చూసి ఒప్పుకోవాలన్నది కూడా పెద్దసారు పెట్టిన నియమమే. ఆ ఇద్దరి జాబితాలోంచి ఆమె పేరు తీసెయ్యడం ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె తెరిచి చూసింది.

ఒకే ఒక్క లైను. హెడర్‌లో అన్నిటికన్నా పైన, మొదటి లైనుగా, పెద్ద ఫైళ్లు కావాలని చెప్పే ఆమె మాక్రో. ఫైల్ ఆఫ్‌సెట్ బిట్స్, అరవై నాలుగు. ఇప్పుడు ప్రతి ఫైలూ హెడర్‌తోనే మొదలవుతుంది. హెడరేమో ఆ లైనుతో మొదలవుతుంది. నియమం అలాగే ఉంది. ఆఫీసు రాసే ప్రతి ప్రోగ్రాములోనూ ఆమె లైనే ముందుంది. చేసినవారి పేరు దగ్గర పెద్దసారు పేరు. అది ఆమె అనుకోలేదు. ఎవరికైనా చెప్పి చేయిస్తాడనుకుంది.

కారణం అని ఉన్న పెట్టె ఖాళీగా ఉంది.

పక్క సీటతను కుర్చీ జరిపాడు. రెండో మనిషి అతనే. "నేనింకా నొక్కలేదక్కా," అన్నాడు. "నువ్వు చూశాక చూస్తా."

ఆమె ఒప్పుకోలు బటన్ మీద వేలు పెట్టి తీసేసింది. మంచి మార్పు. తను చేసినా ఇలాగే చేసేది, అసలు పోయినేడాదే ఈ ఉపాయం తట్టి ఉండాల్సింది. ఒప్పుకుంటే పని సాగుతుంది. గిడ్డంగికి వెళ్లే పేజీలో మాత్రం కారణం దగ్గర తెల్లగా ఉంటుంది, తెల్లగా ఉన్న చోట ఎవరికి తోచింది వాళ్లు చదువుకుంటారు. వసారాలో బల్ల చివర, జేబులో చిరుగు పట్టిన మడతలతో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు.

"కారణం రాయలేదు" అని టైపు చేసి వెనక్కి పంపింది.

అద్దాల గదిలో పెద్దసారు తల వంగి ఉండడం కనబడింది. పావుగంటకి మార్పు తిరిగి వచ్చింది. కారణం పెట్టెలో రెండు మాటలు. మామూలు నిర్వహణ.

ఆమె మంచినీళ్లు తాగింది. గ్లాసు బల్ల మీద పెట్టి, "రికార్డు ఎవరు ఆపారు?" అని రాసి, మళ్లీ వెనక్కి పంపింది.

"అక్కా," అన్నాడు పక్క సీటతను. ఒంటిగంట అయింది. ఇద్దరూ టిఫిన్ డబ్బాలు తెరిచారు. అతను తన డబ్బాలోది సగం ఆమె మూతలో పెట్టాడు. రెండయింది. గిడ్డంగికి వెళ్లాలంటే బస్సులో ముప్పావుగంట. రెండున్నరకి అద్దాల గది తలుపు తెరుచుకుని పెద్దసారు బయటికి వచ్చాడు. ఆమె బల్ల దగ్గరికి రాలేదు. నీళ్ల కుండీ దాకా వెళ్లి, గ్లాసు నింపుకుని, తాగకుండానే తిరిగి లోపలికి వెళ్లి కూర్చున్నాడు. చేతులు కీబోర్డు మీద పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

మూడుకి అయిదు నిమిషాలుండగా మార్పు వచ్చింది. కారణం పెట్టెలో ఇలా ఉంది:

"ఈ లైను మొదట లేకపోతే పనిచెయ్యదు. నేను పెట్టిన నియమం వల్ల రెండో చోటికి వెళ్లింది. పనిచెయ్యదని నాకు ముందే చెప్పారు. గిడ్డంగిలో ఫైలు నిండి రికార్డు ఆగింది. మనిషెవరూ ఆపలేదు."

ఆమె రెండుసార్లు చదివింది. అక్షరం మార్చలేదు. ఒప్పుకోలు నొక్కింది. పక్కన ఇంకో కీ చప్పుడు వినబడింది. అతను కూడా నొక్కాడు. తనిఖీ ప్రోగ్రాము పచ్చ గుర్తు చూపించింది.

ప్రింటరు గదిలో మూలగా ఉంటుంది. పేజీ వెచ్చగా బయటికి వచ్చింది. ఆమె దాన్ని మడవలేదు. అట్ట ఫైల్లో పెట్టి, సంచి భుజానికి తగిలించుకుంది. అద్దాల గది ముందు నుంచి వెళ్తుంటే పెద్దసారు తలెత్తాడు.

"సోమవారం మాట్లాడుకోవాలమ్మా మనం," అన్నాడు.

"సరే సార్. సోమవారం పొద్దున్న కాస్త ఆలస్యంగా వస్తాను. గిడ్డంగి తెరిచేటప్పటికి అక్కడుండాలి."

మెట్ల దగ్గరికి చేరేసరికి వెనక నుంచి పక్క సీటతను పిలిచాడు. ఎప్పటి పేరుతోనే, ఫస్ట్‌లైన్ అక్కా అని పిలిచాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. బస్సు వచ్చే వేళయిందని, పరుగెత్తమని చెప్పాడు.